వీథివారి మొర – పురాధికారి విధి

పొరుగింటివారు ఊరు విడిచిపోయిరి. ఆ ఇల్లు చేతులు మారినది. కొన్నాళ్ళకు పాతగోడలు కూలి, వాని స్థానమున ఇనుపరేకుల కొట్టమొకటి లేచినది. తెల్లవారుజామున మొదలైన సమ్మెటపోటు రాత్రి పదిగంటల వరకు ఆగదు. చంటిబిడ్డకు నిద్ర లేదు. పరీక్షకు చదువుకొను పిల్లవానికి చదువు సాగదు. ఉబ్బసము గల ముసలివారికి ఊపిరి ఆడదు. వీథిలోని పదిమంది కూడి అర్జీ వ్రాసి, చేవ్రాళ్ళు చేసి, పురపాలక కార్యాలయమున ఇచ్చి వచ్చిరి. గుమాస్తా దానిపై ముద్ర వేసి "చూతుము" అనెను. నెల గడచిన పిమ్మట పోగా "కాగితము పైకి పోయినది" అనెను. మరి నెలకు పోగా "పైనుండి ఇంకను రాలేదు" అనెను.

ఇది ఏ ఒక్క ఊరి కథయు కాదు. పట్టణమున కాపురముండు మనలో ఇట్టి అనుభవము ఏదో ఒక రూపమున ఎరుగనివారు అరుదు. ఒకచో కొట్టము, ఒకచో మురుగుకాలువ, ఒకచో ఇండ్ల నడుమ లేచిన సినిమాహాలు. బాధ పేరు మారును గాని అర్జీ గతి మారదు. అయితే చిత్రమేమనగా, ఇట్టి బాధలను నివారించు శాసనములు లేక కాదు. అవి కావలసినన్ని ఉన్నవి. శాసనము కాగితముపై ఉండుటకును, అధికారి కుర్చీనుండి లేచుటకును నడుమ గల దూరమే అసలు చిక్కు. ఆ దూరమును తగ్గించిన వారు రాజులు కారు, మంత్రులు కారు. పేరు లేని వీథివాసులు. అధికారి దయగా చేయు పనిని అతని విధిగా మార్చినది వారి మొరయే. ఆ మార్పు ఎట్లు వచ్చెనో కొంత విచారింతము.

మన దేశమున పురనిర్వహణమును గూర్చి సవిస్తరముగా చెప్పిన ప్రాచీనగ్రంథము కౌటిల్యుని అర్థశాస్త్రము. శతాబ్దులపాటు మరుగునపడియున్న ఈ గ్రంథమును మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిరి. అందు నగరమును చూచుకొను అధికారికి నాగరికుడని పేరు. నీటి తావులను, దారులను, మురుగు పోవు మార్గములను అతడు ప్రతిదినము స్వయముగా తనిఖీ చేయవలెను. వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు జరిమానా. బురదను గాని నీటిని గాని నిలువచేసి దారికి అడ్డము కల్పించినచో పావుపణము. అదియే రాజమార్గమైనచో రెట్టింపు. నిప్పుతో పనిచేసి బ్రతుకు వృత్తులవారిని ఒక్కచోట నివసింపజేయవలెనని కూడ ఆ గ్రంథము విధించినది. ఏ పని ఏ తావున జరుగవలెనో ముందే నిర్ణయించు ఈ పద్ధతినే నేడు మనము జోనింగు అనుచున్నాము. పేరు క్రొత్తది, బుద్ధి పాతది.

ఆ గ్రంథములోనే ఇండ్లను గూర్చిన ప్రకరణము మరియొకటి కలదు. ఇంటి తగవులు తీర్చునపుడు ఇరుగుపొరుగువారి సాక్ష్యమే ఆధారమని దాని మొదటి మాట. గృహస్వాములు ఒక్కటై తమకు ఇష్టమైన రీతిని కట్టుకొనవచ్చును, అనిష్టమైనదానిని వారింపవచ్చును అని మరియొక మాట. ఈ రెండు మాటలును గమనింపదగినవి. పొరుగువాడు సాక్షి, పొరుగువారు పదిమంది కూడినచో ఒక శక్తి. కాని నాగరికుడు తన పని మానినచో పొరుగువాడు ఏమి చేయవలెను? అధికారి రాజునకు జవాబుదారి గాని వీథికి జవాబుదారి కాడు. ఈ లోటు పూడుటకు బహుకాలము పట్టినది.

మన భాషలో ఈ వ్యవహారమునకు వాడు మాటలు సైతము ఒక చరిత్రను చెప్పుచున్నవి. అర్జీ, ఫిర్యాదు, మహజరు – ఇవి పారసీక రాజభాష వెంట మన ఊళ్ళకు వచ్చిన మాటలు. అర్జీ అనగా పెద్దల ముందు ఉంచు విన్నపము. ఫిర్యాదు అనగా మొర. మహజరు అనగా పలువురు కూడి చేవ్రాలు చేసిన పత్రము. ఒక్కని విన్నపమునకు ఒక పేరును, పలువురి పత్రమునకు వేరొక పేరును ఉండుటనుబట్టి, పదిమంది చేవ్రాళ్ళకు గల బరువును మన పూర్వులు బాగుగ ఎరుగుదురని తోచును. అయినను ఈ మాటలన్నిటిలోను తలవంచి అడుగు వాని స్వరమే వినబడును. హక్కుగా అడుగు స్వరము ఇంకను పుట్టలేదు.

ఆ స్వరము పుట్టిన తావులలో ఒకటి ఇంగ్లండు. ఆ దేశపు న్యాయచరిత్రలో 1610వ సంవత్సరపు వ్యాజ్యము ఒకటి ప్రసిద్ధమైనది. విలియం ఆల్‌డ్రెడ్ అను గృహస్థుని ఇంటి ప్రక్కనే పొరుగువాడు పందులదొడ్డి కట్టెను. దుర్గంధముచే ఇంట నిలువలేక ఆల్‌డ్రెడ్ న్యాయస్థానమున కెక్కెను. పందుల వాసన సైపలేనంతటి సుకుమారమైన ముక్కు ఎవరికిని ఉండరాదని ప్రతివాది వాదము. పంది మాంసము ప్రజలకు ఆహారము గదా, దొడ్డి లేనిదే పందులెట్లు పెరుగునని అతని భావము. న్యాయాధిపతు లొప్పుకొనలేదు. ఇల్లు అనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. మనుష్యుడు నివసింపదగిన వెలుతురును, మంచిగాలియు దానిలో భాగములే. వానిని చెరచినవాడు ఇంటిని చెరచినట్లే యని తీర్పు చెప్పిరి.

గొప్ప తీర్పే. కాని అది ఒక గృహస్థు తన పొరుగువానిపై గెలిచిన వ్యాజ్యము. ఖర్చు పెట్టుకొని న్యాయస్థానమునకు పోగలవానికే ఆ న్యాయము దక్కును. తరువాతి కాలమున యంత్రములు వచ్చి, పొగగొట్టములు లేచి, వేలకొలది కూలిజనము లండను వంటి నగరములలో ఇరుకు సందులలో కిక్కిరిసినపుడు, ఒక్కొక్క పందులదొడ్డిపై ఒక్కొక్క వ్యాజ్యమను పద్ధతి చాలకపోయెను. ఎడ్విన్ చాడ్విక్ 1842లో శ్రామికజనుల ఆరోగ్యపరిస్థితిని గూర్చి నివేదిక వెలువరించెను. 1848లో ప్రజారోగ్య శాసనము వచ్చెను. అందు ఒక నియమము మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. ఏ ఊరిలోనైనను పన్ను కట్టువారిలో పదవ వంతునకు తక్కువ కాకుండ కూడి అర్జీ పెట్టుకొన్నచో, కేంద్ర ఆరోగ్యమండలి ఆ ఊరికి తనిఖీదారును పంపవచ్చును. ఊరిలో మరణములు ఏటేట వేయింటికి 23 మించినచో అర్జీ లేకయే తనిఖీకి మార్గమేర్పడును. స్థానికాధికారిని కదలించు మీట ఒకటి శాసనము చేతనే ప్రజల చేతి కందినది.

అయితే పన్ను కట్టని బీదల మాట ఏమి? దానికి సమాధానము మరుసటి ఏడే వచ్చినది. లండనులోని సెయింట్ జైల్స్ అను పేటవాసులు 54 మంది చేవ్రాళ్ళతో ఒక లేఖను 1849 జూలైలో "టైమ్స్" పత్రిక ప్రకటించినది. తమ సందులలో మరుగుదొడ్లు లేవు, చెత్తతొట్లు లేవు, మురుగుకాలువలు లేవు, మంచినీరు లేదు. మురుగుసంస్థలోని ధనవంతులు తమ మొరను ఏమాత్రము లెక్కచేయుట లేదు. కలరా వచ్చినచో దేవుడే దిక్కు – అని దాని సారాంశము. వ్రాతలో తప్పులు పెక్కు ఉండెను. సంపాదకుడు వానిని దిద్దక యథాతథముగా అచ్చు వేసెను. ఆ తప్పులే ఆ లేఖకు బలము. ఎవరో విద్యావంతుడు బీదలకొరకు వ్రాసినది కాదు. బీదలే తమ నోట చెప్పుకొన్నది. ఆ ఏడే ఇంగ్లండులో కలరా వేలకొలది ప్రాణములను బలిగొన్నది.

ఇంకొక సంగతి చెప్పక తీరదు. 1858 వేసవిలో థేమ్స్ నది మురుగు ఎండకు ఉడికి దుర్వాసన పార్లమెంటు భవనమున కెక్కినది. కిటికీల తెరలను సున్నపు క్షారములో తడిపి కట్టినను సభ్యులు కూర్చుండలేకపోయిరి. కొలది వారములలోనే నగరమంతటికి మురుగుమార్గములు నిర్మించుటకు శాసనము వచ్చెను. జోసెఫ్ బాజల్‌గెట్ అను ఇంజనీరు ఆ నిర్మాణమును సాగించెను. సెయింట్ జైల్స్ ముక్కులు ఏండ్ల తరబడి చెప్పినను వినని ప్రభుత్వము తన ముక్కుకు తగులగానే వినినది. అధికారి కన్నుతో చూచినపుడు, ముక్కుతో మూర్కొన్నపుడు కదలినంత వేగముగా కాగితము చదివి కదలడు. ఈ సత్యము ఈ చరిత్రలో మరల మరల కనబడును.

బాధ కలిగిన పిమ్మట మొరపెట్టుట కంటె, బాధ కలుగకుండ ఊరిని ముందే భాగములు చేయుట మేలని పందొమ్మిదవ శతాబ్ది చివర తోచినది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరము 1891లో నగరమును భాగములుగ విభజించి కట్టడములకు వేర్వేరు నియమము లేర్పరచెను. న్యూయార్కు 1916లో ఆ దారిని నడచెను. అమెరికాలో ఓహైయో రాష్ట్రపు యూక్లిడ్ అను చిన్న ఊరు ఇట్టి విభజన చేయగా, ఒక భూస్వామ్య సంస్థ అది తన ఆస్తిహక్కునకు భంగకరమని వాదించెను. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఊరి పక్షమున తీర్పు చెప్పెను. తగిన వస్తువే తగని తావున ఉన్నచో బాధ యగునని చెప్పుచు, దొడ్డిలో ఉండవలసిన పంది నడింటిలో ఉన్నట్లు అని న్యాయమూర్తి దృష్టాంత మిచ్చెను. మూడువందల ఏండ్లకు ఆల్‌డ్రెడ్ పొరుగువాని పంది ఇట్లు మరల న్యాయస్థానమున కనబడినది.

కాని ఈ నాణెమునకు రెండవ ప్రక్క కూడ కలదు. ఆ తీర్పులోనే, విడియిండ్ల నడుమ పలు కుటుంబములు కలసియుండు అద్దెభవనములను ఇతరుల సౌఖ్యముపై బ్రతుకు పరాన్నజీవులవలె వర్ణించిరి. అద్దెయింట నుండువారు ఎవరు? బీదలు, క్రొత్తగా వచ్చినవారు. అంతకుముందే లూయివిల్ అను నగరము నల్లజాతివారు తెల్లవారి వీథిలో కాపురముండరాదని నియమము చేయగా, 1917లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేయవలసి వచ్చినది. వీథివారి మొర ఎల్లప్పుడును న్యాయమైన మొర కానక్కరలేదు. పొగను పొమ్మనుట ఒకటి. మనుష్యులను పొమ్మనుట మరియొకటి. ఈ భేదమును మనస్సున ఉంచుకొని మన దేశమునకు మరలుదము.

ఇచట బొంబాయి రాష్ట్రమున 1915లోను, మద్రాసు రాష్ట్రమున 1920లోను పురనిర్మాణ శాసనములు వచ్చినవి. ఆంధ్రజిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివి గనుక ఆ 1920 శాసనమే పేరు మార్చుకొని తరువాతి కాలమునను మనకు చెల్లినది. హైదరాబాదులో 1908 నాటి మూసీ వరదల పిమ్మట 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడినది. ప్రణాళికలు వచ్చినవి, పటములు వచ్చినవి, రంగులు వేసిన భాగములు వచ్చినవి. కాని పటము గీసిన చేయియే పటమును మీరినచో వీథివాసి ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు స్వతంత్ర భారతమున మూడు ఊళ్ళనుండి వచ్చినది.

మొదటిది ఉడుపి. ఆ పురపాలక సంఘపు ప్రణాళికలో నివాసములకై కేటాయింపబడిన ప్రాంతమున ఒకరు కల్యాణమండపమును, ఉపన్యాసశాలను కట్టుటకు అనుమతి పొందిరి. పిమ్మట దానినే సినిమాహాలుగా మార్చుకొనుటకు సంఘము ఒప్పుకొన్నది. పెండ్లికి పిలువవచ్చిన చుట్టము ఇల్లు ఆక్రమించినట్లయినది. ఆ పేటలో నివసించు గృహస్థు ఒకరు హైకోర్టు కెక్కిరి. సినిమాహాలు ప్రణాళికకు విరుద్ధమేయని హైకోర్టు అంగీకరించినది. అయినను అప్పటికే పెద్దమొత్తము ఖర్చు చేసి కట్టియుండుటచేత అనుమతిని రద్దు చేయనొల్లదయ్యెను. తప్పు తప్పే గాని జరిగినదేమో జరిగిపోయినది అను ఈ వాదము మనము కార్యాలయములలో ఎన్ని మారులు వినలేదు!

సుప్రీంకోర్టు 1974లో ఈ వాదమును త్రోసివేసినది. శాసనము ఇయ్యని అధికారమును పురపాలక సంఘము చలాయించినచో, అది అధికారమును పొరపాటున వాడుట కాదు, లేని అధికారమును దొంగిలించుట. ఖర్చు చేసినంత మాత్రమున అక్రమము సక్రమము కాదు. ప్రణాళిక ఆ పేటవాసుల మేలుకొరకే ఏర్పడినది గనుక నివాసప్రాంతము చెడకుండ కాపాడుట సంఘమునకు విధి – అని ఆ తీర్పు తాత్పర్యము. ఇచట గమనింపవలసినది విధి అను మాట. ప్రణాళిక అధికారి గోడపై వ్రేలాడు పటము కాదు. పేటవాసికి ఇచ్చిన మాట. దానిని తప్పినచో అడుగు హక్కు ఆ పేటలో కాపురముండుటచేతనే అతనికి సంక్రమించినది.

రెండవది మధ్యప్రదేశములోని రత్లాము. దీనిని గూర్చి కొంత నిదానించి చెప్పవలెను. ఏలయన మన దేశపు పురచరిత్రలో ఇంతటి సామాన్యమైన బాధనుండి ఇంతటి గొప్ప ఫలితము వెడలిన ఘట్టము అరుదు. ఆ ఊరిలోని ఒక వార్డు వాసులకు ఒక ప్రక్క సారాయి తయారుచేయు కర్మాగారము నుండి వెడలు దుర్గంధపు నీరు వీథిలోనికి పారుచుండెను. మరియొక ప్రక్క కాలువలు లేక మురుగు నిలిచి దోమలు పెరుగుచుండెను. మురికివాడల బీదలు మరుగుదొడ్లు లేక వీథియంచులనే ఆశ్రయించుచుండిరి. పురపాలక సంఘమునకు ఎన్ని మారులు చెప్పినను ఫలితము లేదు. తుదకు వారు సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు నొద్దకు పోయి, క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను క్రింద మొరపెట్టుకొనిరి.

ఈ సెక్షను బ్రిటిషువారి కాలమునుండి ఉన్నదే. పదుగురికి బాధ కలిగించు దానిని తొలగింపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. దారి కడ్డమైన పాక, కూలబోవు గోడ, పొగచిమ్ము బట్టీ – ఇట్టివానిపై దీనిని ప్రయోగించుట వాడుక. పురపాలక సంఘముపైననే దీనిని ప్రయోగింపవచ్చునా? రత్లాము మేజిస్ట్రేటు ప్రయోగించెను. ఆరు నెలలలో బాధనివారణకు ప్రణాళిక సిద్ధము చేయవలెనని సంఘమునకు తాఖీదిచ్చెను. సంఘము సెషన్సు కోర్టుకు పోయినది. అచట ఆ ఆజ్ఞ కొట్టివేయబడినది. హైకోర్టు దానిని మరల నిలబెట్టినది. సంఘము సుప్రీంకోర్టు కెక్కినది. కాలువ త్రవ్వుటకు లేని పట్టుదల వ్యాజ్యము నడుపుటకు ఉన్నది!

సంఘపు వాదములు రెండు. మాయొద్ద ధనము లేదు అనునది ఒకటి. ఆ తావు ఎట్టిదో కన్నులార చూచియే వారు కాపురమునకు వచ్చిరి గదా అనునది రెండవది. వినుటకు నవ్వు వచ్చు వాదమే. కాని ఇదియే పలు కార్యాలయములలో పలు మాటలలో మనకు చెప్పు జవాబు. 1980 జూలైలో న్యాయమూర్తులు వి. ఆర్. కృష్ణయ్యరు, ఓ. చిన్నప్పరెడ్డి గార్లు తీర్పు చెప్పిరి. తీర్పు వ్రాసినది కృష్ణయ్యరుగారు. రెండవ న్యాయమూర్తి చిన్నప్పరెడ్డిగారు మన అనంతపురము జిల్లా గుత్తిలో జన్మించినవారు. మానమర్యాదలతో బ్రతుకుటకు కావలసిన కనీస సౌకర్యములు సంఘపు ఖజానాలోని నిలువపై ఆధారపడునవి కావు. ధనము లేదన్న మాట చెప్పి సంఘము తన ప్రధానవిధినుండి తప్పుకొనజాలదు. శాసనములో "వచ్చును" అని ఉన్నంత మాత్రమున, బాధ ఎదుట నిలిచినపుడు మేజిస్ట్రేటు తన అధికారమును వాడక ఊరకుండరాదు – అని వారు నిర్ణయించిరి.

న్యాయస్థానము నీతి చెప్పి ఊరకుండలేదు. కొలత పెట్టి, గడువు పెట్టి పని అప్పగించినది. సారాయి కర్మాగారపు నీరు వీథిలోనికి రాకుండ వెంటనే ఆపవలెను. ఆరు నెలలలో స్త్రీలకు వేరుగ, పురుషులకు వేరుగ తగినన్ని మరుగుదొడ్లు కట్టించి, నీటి వసతి కల్పించి, ఉదయ సాయంకాలములు శుభ్రపరచు ఏర్పాటు చేయవలెను. ఆరు లక్షల రూపాయల అంచనాగల కాలువల పథకమును ఏడాదిలో ముగింపవలెను. మురుగుగుంటలను పూడ్చవలెను. ధనము చాలనిచో రాష్ట్రప్రభుత్వమును అప్పుగనో గ్రాంటుగనో అడుగవలెను. అధికారి తప్పినచో శిక్షకు పాత్రుడగును.

ఈ తీర్పులో మమ్ములను అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించునది మరుగుదొడ్ల విషయము. వీథివాసుల బాధలలో ఒకటి బీదల వలన కలిగినది. ఆ బీదలను వెడలగొట్టుడని ఆజ్ఞాపించినను బాధ తీరియుండును. యూక్లిడ్ నాటి బుద్ధి అట్టిదే. రత్లాములో అట్లు జరుగలేదు. వారు వీథిని ఆశ్రయించుట వారి నేరము కాదు, వారికి చోటు చూపని సంఘపు నేరము అని గ్రహించి, ఇండ్లు గలవారి మొరకును, ఇండ్లు లేనివారి అవసరమునకును ఒక్క ఆజ్ఞతోనే సమాధానము చెప్పిరి. పొరుగువానిపై చేసిన ఫిర్యాదు పొరుగువాని కొరకు చేసిన ఫిర్యాదుగా మారినది.

మూడవ ఊరు మన హైదరాబాదు. నగరాభివృద్ధి ప్రణాళికలో ప్రజల విహారమునకై విడిచిన విశాలస్థలములో కొంతభాగమును ఒక ప్రభుత్వరంగ సంస్థయు, ఒక ప్రభుత్వశాఖయు కొని, తమ ఉద్యోగులకు ఇండ్లు కట్ట మొదలిడినవి. అచటి నివాసులు, పన్ను కట్టువారు హైకోర్టు కెక్కిరి. 1987లో వెలువడిన తీర్పులో న్యాయమూర్తి పి. ఏ. చౌదరిగారు ప్రణాళికలో ఒక పనికై కేటాయించిన స్థలమును మరియొక పనికి వాడరాదనియు, పరిశుభ్రమైన పరిసరములు రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో భాగమే యనియు నిర్ణయించిరి. కొన్నవారు సర్కారువారైనను స్థలము స్వభావము మారదు. ఇచట మీరినది ఏ సారాయివ్యాపారియో కాడు, సర్కారు శాఖయే, మొరపెట్టినది సామాన్యజనమే. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ నగరప్రాంతాభివృద్ధి శాసనము వారికి ఆధారమయ్యెను.

ఈ మూడు ఊళ్ళ కథలనుబట్టి కొన్ని సంగతులు తేలుచున్నవి. గెలిచిన మొరలలో "మాకు కష్టముగా ఉన్నది" అను మాటతోపాటు "ఈ నియమము మీరబడినది, దీనిని నిలుపుట మీ విధి" అను మాట కూడ ఉన్నది. కష్టము జాలిని పుట్టించును. నియమము బాధ్యతను పుట్టించును. జాలికి గడువు లేదు, బాధ్యతకు గడువు కలదు. అందుచేత ఆ ప్రాంతము పటములో నివాసప్రాంతమా, వ్యాపారప్రాంతమా. ఆ కట్టడమునకు ఇచ్చిన అనుమతి దేనికి – ఇల్లు అని అనుమతి పొంది కర్మాగారము పెట్టిరా – అని ముందు తెలిసికొనవలెను. పూర్వము ఈ పటములు, అనుమతిపత్రములు చూచుటయే గగనముగా ఉండెడిది. 2005లో సమాచారహక్కు శాసనము వచ్చిన పిమ్మట సామాన్యుడు అడిగినచో 30 దినములలో జవాబు చెప్పుట కార్యాలయమునకు విధియైనది.

ఇక అధికారి స్వయముగా వచ్చి చూచుటకు గల విలువ. ఒక సుప్రీంకోర్టు తీర్పు ఉత్తరదేశములోని ఒక రొట్టెలబట్టీని గూర్చినది. దాని పొగవలన జనమునకు కలుగు బాధను మేజిస్ట్రేటు కన్నులార చూచి ఆజ్ఞ ఇచ్చియుండుటచేత, ప్రజల ఆరోగ్యమునకు సంబంధించిన ఇట్టి విషయమున అతని అభిప్రాయమును మన్నించుటయే క్షేమమని న్యాయస్థానము తలచినది. పార్లమెంటు భవనపు కిటికీతెరల కథలోని సత్యమే ఇది. అధికారిని ఒక్కమారు సమ్మెటపోటు వినిపించు వేళకు, పొగ క్రమ్మిన వేళకు వీథికి రప్పింపగలిగినచో సగము పని అయినట్లే.

ప్రభుత్వపు కట్టడిలోనే వీథికి స్థానమిచ్చిన మార్పు మరియొకటి 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ. పట్టణప్రణాళిక, భూవినియోగము, కట్టడముల నియంత్రణము పురపాలక సంస్థల కప్పగింపదగిన పనులుగా ఆ సవరణతో చేరిన 12వ షెడ్యూలు పేర్కొన్నది. మూడు లక్షలకు తగ్గని జనాభా గల పట్టణములలో వార్డు సంఘము లేర్పడవలెనని విధించినది. రత్లామువారికి అక్కరకు వచ్చిన 133వ సెక్షను కూడ పోలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 152వ సెక్షనుగా నిలిచియున్నది. సంఖ్య మారినది, శక్తి మారలేదు.

అయినను శాసనముల జాబితా చూచి తృప్తిపడుట పొరపాటు. అవి తమంతట తాము నడువవు. ఉడుపిలో ఒక గృహస్థు విసుగుచెంది ఊరకున్నచో సినిమాహాలే మిగిలెడిది. సెషన్సు కోర్టులో ఓడిన నాడు రత్లాము వాసులు చేతులు ముడుచుకొన్నచో మురుగు అట్లే పారుచుండెడిది. ఇట్టి పట్టుదలకు వెల కూడ కలదు: పొరుగువానితో మాట పోవును, పనిదినములు పోవును, "ఊరికే వివాదములు పెట్టుకొందువేల?" అని ఇంటివారే అందురు. అందుచేతనే ఈ పని ఒక్కని భుజములపై వేయరాదు. పదిమంది పంచుకొన్న కష్టము పదవ వంతగును. పదిమంది చేసిన చేవ్రాలు పదింతలగును.

మొదట మనము చెప్పుకొన్న వీథివారు మరల అర్జీ వ్రాయుదురు గాక. ఈ మారు అందు ఆ స్థలమునకు ఏ అనుమతి ఇచ్చిరో, ఏ తేదీన ఇచ్చిరో ఉండును. ఆ ప్రాంతము పటములో ఏ రంగున ఉన్నదో ఉండును. అధికారి ఏ వేళకు వచ్చి చూడవలెనో కూడ ఉండును. అట్లే ఆ కొట్టములో సమ్మెట పట్టిన పనివాండ్రకు వారి పని సాగుటకు తగిన తావు చూపవలెనను మాట కూడ అందుండునని మా ఆశ. ఏలయన వారును ఏదో ఒక వీథివారే. అపుడు గుమాస్తా ఎప్పటివలె ముద్ర వేసి "చూతుము" అనవచ్చును. "ఎన్నడు?" అని అడుగు హక్కు ఆ వీథివారికి కలదు.